మటన్, తియ్యటి పులావ్: విందు చేయబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

పిన్ని దీవెనలు. కలకత్తా వెళ్లిన కొత్తలోనే అల్లుడి ఆఫీసు వాళ్లని భోజనానికి పిలిచారన్న మాట! టెన్షన్ పడకు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో బెంగాలీ ఇరుగుపొరుగు దగ్గర నేర్చుకున్నదే నీకు రాస్తున్నాను. అయితే విందు శనివారం అన్నావు. బెంగాలీల్లో కొందరు శనివారం మాంసం ముట్టరు. ముందే కనుక్కో, వీలైతే ఆదివారానికి మార్చు. బెంగాలీ ఇళ్లలో మటన్ వండేది ఎలాగూ ఆదివారమే.

ఎనిమిది మందికి రెండు కిలోలు తీసుకో. కొట్లో ‘రేవాజీ ఖాసీ’ అని అడుగు, కొవ్వున్న మేకమాంసం ఇస్తారు. ఆ కొవ్వు తీయించకు, రుచంతా అందులోనే. ముందు రాత్రే పావుకిలో చిలికిన పెరుగు, పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి ముద్ద, కాస్త ఆవనూనె పట్టించి ఫ్రిజ్‌లో పెట్టు.

ఆవనూనె విషయంలో మొహమాటపడి రిఫైన్డ్ ఆయిల్ వాడకు. పావులీటరు పోసి సన్నగా పొగ వచ్చేదాకా కాచి, మంట తగ్గించు. ఘాటు తగ్గుతుంది. పెద్ద బంగాళాదుంపలు ఎనిమిదింటిని సగానికి కోసి, ముందు అందులోనే ఎర్రగా వేయించి తీసెయ్యి. దుంప లేని మటన్ కూర వాళ్లకి వెలితిగా ఉంటుంది. తర్వాత బిర్యానీ ఆకు, ఎండుమిర్చి, దాల్చినచెక్క, యాలకులు, లవంగాలు, రెండు చెంచాల పంచదార. పంచదార గోధుమరంగుకి తిరగ్గానే, మాడకముందే, సన్నగా తరిగిన ముప్పావుకిలో ఉల్లిపాయలు వేసేయాలి. కూరకి ఆ ముదురు రంగు అక్కడినుంచే మొదలవుతుంది.

ఉల్లి బాగా ఎర్రబడ్డాక మాంసం, కశ్మీరీ కారం, కొంచెం జీలకర్ర పొడి వెయ్యి. ఇక ఇక్కడ తొందరపడకు తల్లీ. దీన్ని కొషా మాంగ్షో అంటారు, కొషానో అంటే ఇలా ఓపిగ్గా వేపుతూ ఇగర్చడమే. సన్నసెగ మీద కనీసం ముప్పావుగంట కలుపుతూనే ఉండాలి. అడుగంటుతుంటే వేడినీళ్లు చిలకరించు, చన్నీళ్లు వద్దు. నూనె పక్కకి తేలి, ముక్క నల్లగా మెరిసేదాకా ఆపకు. అదయ్యాక ఒక గ్లాసు వేడినీళ్లు పోసి కుక్కర్లో మూడు నాలుగు విజిల్స్ రానిస్తే తప్పు లేదు. వేపకుండా నేరుగా కుక్కర్లో పడేస్తే మాత్రం అది కొషా కాదు. దుంపలు ఆఖర్న కలిపి మూతపెట్టి మగ్గనివ్వు. దించేముందు గరంమసాలా, చెంచాడు నెయ్యి చాలు.

మన అలవాటుకొద్దీ ధనియాల పొడి, కొబ్బరి, కరివేపాకు వెయ్యాలనిపిస్తుంది. ఆపుకో. గసగసాలు కూడా వద్దు, అవి వాళ్లకి ప్రాణమే గానీ ఆలూ పోస్తోలోకి, అంటే గసగసాలు నూరి వేసి చేసే బంగాళాదుంప కూరలోకి.

కూర పొద్దున్నే చేసి ఉంచు, రాత్రికి ఇంకా బాగుంటుంది. అతిథులొచ్చే ముందు పులావ్ ఒక్కటే మిగులుతుంది. బాస్మతి కాదు, గోవిందభోగ్ బియ్యం తీసుకో, మన చిట్టిముత్యాల్లా పొట్టిగా, మంచి వాసనతో ఉంటుంది. కిలో బియ్యం అరగంట నానబెట్టి, వడకట్టి, గుడ్డమీద ఆరబెట్టి, నెయ్యి, పసుపు, అల్లం తురుము పట్టించు. జీడిపప్పు, కిస్‌మిస్ నేతిలో వేయించి తీసి, అదే నేతిలో మసాలా దినుసులు, బియ్యం మెల్లగా వేపు. గిన్నె బియ్యానికి గిన్నెన్నర వేడినీళ్లు, తగినంత ఉప్పు. ముప్పాతిక ఉడికాక నూట యాభై గ్రాముల పంచదార చల్లి, మూతపెట్టి సన్నసెగన ఉంచు. అన్నంలో పంచదారా అని జంకకు. కారంగా ఉన్న మాంసం పక్కన ఆ తీపి ఎంత బాగుంటుందో నువ్వే చూస్తావు.

పక్కన నిమ్మచెక్కలు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి పెట్టు. చివర్లో, స్వీటుకి ముందు, ఖర్జూరం వేసిన తియ్యటి టమాటా చట్నీ, అప్పడం వడ్డించాలి, అది వాళ్ల పద్ధతి. మిష్టి దోయి, అంటే వాళ్ల తియ్యటి పెరుగు, ఇంట్లో తోడుపెట్టే శ్రమ వద్దు, ముందురోజే మట్టికుండతో కొనుక్కొచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకో.

మీ పిన్ని