వదినని తెచ్చుకుంటున్నావని తెలిసింది

చిరంజీవి శ్రీనుకి, అత్తయ్య ఆశీస్సులు.

దసరా వెళ్ళగానే తెనాలి ఇంటికి తాళం వేసి పటమటలో మీ దగ్గరికి వచ్చేస్తున్నానని వదిన రాత్రి ఫోన్ చేసింది. 76 ఏళ్ళ తల్లిని దగ్గర పెట్టుకుంటున్నావని పొద్దున్నే ఇక్కడ గుంటూరులో నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాను. తర్వాతే టెన్షన్ మొదలైంది.

బీపీ మాత్ర టైముకి పడాలి, ఒంట్లో బాగానే ఉందని మానేయనివ్వకు. పచ్చళ్ళు ముద్దకి అద్దుకునేంతే. పెద్దవాళ్ళకి దాహం సరిగా తెలియదు, బెజవాడ ఎండల్లో అడక్కపోయినా పలచటి మజ్జిగ ఇస్తూ ఉండండి. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమంతా మీ బాత్రూం గురించి.

మా అత్తగారు పడ్డప్పుడు నువ్వు మూడో క్లాసు. కార్తీకమాసం, తెల్లవారుజామున లేచి, తడిసిన గోనెపట్టా జారి గుమ్మం దగ్గర పక్కకి పడ్డారు. "బెణికిందేమోనే, వాడికి చెప్పకు, డబ్బు తగలేస్తాడు" అన్నారు. నేను సరేనన్నాను. నువ్వుల నూనె వెచ్చచేసి, ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దాను. పాదం బయటికి తిరిగిపోయి ఉంది. రెండో కాలి పక్కన పెడితే కాస్త పొట్టిగా కనిపించింది కూడా. నిటారుగా సర్దాను, మళ్ళీ పక్కకి వాలింది. చూసి కూడా దుప్పటి కప్పేశాను. తుంటి ఎముక విరిగితే కాలు అలా అయిపోతుందని నాకు తెలియదు. మూడో రోజు ఎవరో చెబితే పసరు కట్టు కట్టించాం. ఆ నొప్పికి నా చెయ్యి పట్టుకుంటే గాజులు చిట్లిపోయాయి, ఆవిడ మాత్రం అరవలేదు. ఆరో రోజు ఎక్స్‌రే తీయించాం. ఇలాంటివాళ్ళకి ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ చేసి లేపి కూర్చోబెట్టాలి, మంచాన ఉన్నకొద్దీ నెమ్ము చేరుతుంది, పుండ్లు పడతాయి అన్నాడు డాక్టరు. రెండూ వచ్చాయి. సంక్రాంతికి ఆవిడ లేరు.

అందుకే చెబుతున్నా. మీ అమ్మ పడితే "ఏం కాలేదురా" అంటుంది, నమ్మకు. రుద్దొద్దు, లేపి నిలబెట్టొద్దు, 108కి ఫోన్ చెయ్యి. పడినందుకు తిట్టకు కూడా. తిడితే ఈసారి దాచేస్తుంది. మొన్న మెట్ల మీద తూలితే "చూసుకుని నడవలేవా" అని విసుక్కున్నావట. ఇంకోసారి అన్నావంటే నేను ఊరుకోను. ఆరో క్లాసులో గోడెక్కి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నావు, గుర్తుందా? తెనాలి నుంచి గుంటూరు పెద్దాసుపత్రి దాకా బస్సులో నిన్ను ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. ఒక్క మాట అనలేదురా నాన్నా.

రాత్రి మెలకువ వస్తే మంచం మీదే కాళ్ళు కిందికి వేసి రెండు నిమిషాలు కూర్చోమను. ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి, మాత్రలు వాడేవాళ్ళకి ఇంకా ఎక్కువ. నిద్ర పట్టట్లేదని మందుల షాపులో మాత్రలు అడిగి తేవద్దు, ఆ మత్తులోనే తూలేది. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా చిన్న బల్బు వెలగనీ. దారిలో పట్టాలన్నీ తీసెయ్, ఎంత ఖరీదువైనా సరే. కమోడ్ పక్కన గోడకి స్టీలు కడ్డీ పెట్టించు. టవల్ వేసుకునేది కాదు, మనిషి బరువు ఆపేది.

వచ్చే ఆదివారం బస్సెక్కి వస్తున్నాను. ఈలోగా కడ్డీ బిగించి ఉంచు. నేను వేలాడి చూస్తాను.

మీ అత్తయ్య