రాతిలో దాగిన అక్షాంశం

ప్రశ్న: భూఫలకాలు కదులుతాయని బడిలో చదివాం. భూమి పుట్టిన నాటి నుంచీ కదులుతూనే ఉన్నాయా? కోట్ల ఏళ్ల కిందటి కదలికను ఇప్పుడెలా కొలుస్తారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మొదటి నుంచీ కదిలాయనడానికి గట్టి సాక్ష్యం లేదు. కొలత దొరికిన చాలా పాత ఉదాహరణ పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతానిది. 335 నుంచి 318 కోట్ల ఏళ్ల కిందటి మధ్యకాలంలో ఆ నేల ఏడాదికి కనీసం 2.5 సెంటీమీటర్ల చొప్పున జరిగిందని 2020లో హార్వర్డ్ బృందం లెక్క తేల్చింది. 17 కోట్ల ఏళ్లకు అది 4,250 కిలోమీటర్లు!

కొలిచే పద్ధతి చాలా అందమైనది. లావా చల్లారి 580 డిగ్రీల సెల్సియస్ దిగువకు వచ్చేసరికి అందులోని మాగ్నెటైట్ (అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజం) రేణువుల్లో అప్పటి భూ అయస్కాంత దిశ ముద్రపడిపోతుంది. ఆ దిశ భూమధ్యరేఖ దగ్గర నేలకు సమాంతరంగా, ధ్రువాల దగ్గర నిట్టనిలువుగా ఉంటుంది. వాలు 49 డిగ్రీలుంటే రాయి సుమారు 30 డిగ్రీల అక్షాంశంలో గట్టిపడిందన్నమాట. ఒకే నేలలోని వేర్వేరు వయసుల రాళ్ల అక్షాంశాలను పోల్చితే అది ఎంత జరిగిందో తెలుస్తుంది.

బండలోకి డ్రిల్లు దించి సన్నని స్తంభంలా రాయి తీస్తారు. ఊడదీయకముందే అది ఏ దిక్కుకు, ఎంత వాలుగా ఉందో గుర్తు పెట్టాలి. అయస్కాంత గుణమున్న బండ దిక్సూచి ముల్లును పక్కకు లాగుతుంది కాబట్టి సూర్యుడి నీడతోనూ సరిచూస్తారు. తర్వాత బయటి అయస్కాంత క్షేత్రం సోకని కొలిమిలో అంచెలంచెలుగా వేడిచేస్తూ ప్రతిసారీ కొలుస్తారు. తర్వాతి కాలంలో అంటిన ముద్రలు సాధారణంగా తక్కువ వేడికే చెరిగిపోతాయి.

అసలు చిక్కు ఇక్కడే. రాయి గట్టిపడ్డాక ఎప్పుడైనా మళ్లీ బాగా కాగితే పాత ముద్ర పోయి కొత్తది పడుతుంది. అందుకే ముడతలు పడిన పొరలను లెక్కలో తిరిగి చదును చేసి చూస్తారు. అప్పుడు దిశలన్నీ ఒక్కటైతే ముద్ర ముడత కన్నా పాతది. చెదిరిపోతే ఆ రాయిని నమ్మకూడదు.

రేఖాంశం మాత్రం ఈ పద్ధతికి అందదు. పైగా ఒక్క ముక్క కదిలినంత మాత్రాన భూమంతా ఫలకాలుగా విడిపోయిందనలేం. పై పెంకంతా ఒక్కటిగా దొర్లినా అక్షాంశం మారుతుంది.

అంతకుముందు సంగతి? అదే ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో 440 కోట్ల ఏళ్ల జిర్కాన్ అనే ఖనిజపు స్ఫటికాలు దొరికాయి. అప్పటికే గట్టి నేల ఉందని అవి చెబుతాయి, అది కదిలిందని చెప్పవు. ఆనాటి లోపలి పొరలు ఇప్పటికన్నా చాలా వేడి. అంత వేడిలో, మరో ఫలకం కిందికి దిగే ఫలకం మెత్తబడి మధ్యలోనే తెగిపోయి ఉండవచ్చు. వజ్రాల్లో చిక్కుకున్న ఎక్లోగైట్ ఖనిజాలు మాత్రం సుమారు 300 కోట్ల ఏళ్ల నుంచే కనిపిస్తాయి. సముద్రపు అడుగున ఉండే బసాల్ట్ (లావా గడ్డకట్టిన రాయి) ఫలకంతో పాటు లోతుకు దిగి ఎక్లోగైట్ అనే రాయిగా మారుతుంది. అందుకే ఫలకాల కదలిక అప్పటికి స్థిరపడిందనే వాదనవైపే మేం మొగ్గుతాం.