వేలంలో కొన్న నవాహో రగ్గు నకిలీదంటున్నారు, డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మేం అరిజోనాలో చాండ్లర్‌లో ఉంటాం. గృహప్రవేశం అప్పుడు న్యూ మెక్సికోలో ఒక ఆక్షన్ హౌస్ దగ్గర ఆన్‌లైన్‌లో బిడ్ వేసి నవాహో (అమెరికా ఆదివాసీ తెగ) రగ్గు కొన్నాను, ఆక్షన్ హౌస్ పైన వేసే ప్రీమియంతో కలిపి 5,040 డాలర్లు. నవాహో నేతగాళ్లే తమ రగ్గులు తెచ్చి అమ్ముకునే క్రౌన్‌పాయింట్ వేలం గురించి విని, ఇదీ అలాంటిదే అనుకున్నా. మూడు నెలల క్రితం ఇంటికొచ్చిన ఫ్రెండ్ ఒకాయన ఇది నవాహో కాదు, మెక్సికోలో జపోటెక్ వాళ్లు నేసింది అన్నాడు. అందరి ముందు పరువు పోయింది, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతోంది. ఆక్షన్ హౌస్‌కి ఫోన్ చేస్తే 'యాజ్ ఈజ్'గా, అంటే ఉన్నది ఉన్నట్టుగా అమ్మాం అంటున్నారు. కేసు వేయొచ్చా, లేక ఈబేలో అమ్మేసి వదిలించుకోనా? రగ్గు చేతికొచ్చి మూడేళ్ల ఎనిమిది నెలలైంది.

జవాబు: పరువు సంగతి కోర్టుకి అక్కర్లేదు. ఈ కేసు నిలబడేది మీరు పంపిన ఆ ఒక్క స్క్రీన్‌షాట్ మీద. లాట్ (వేలానికి పెట్టిన వస్తువు) హెడ్డింగ్‌లో 'నవాహో టూ గ్రే హిల్స్ రగ్గు, సుమారు 1950' అని ఉంది, టూ గ్రే హిల్స్ అనేది ఒక నవాహో నేత శైలి. 'నవాహో స్టైల్' అని ఉండుంటే నేను ఇక్కడితో ఆపేసేవాణ్ని. ఇది ఫలానా వస్తువు అని చెప్పి అమ్మితే అమెరికాలో సరుకుల అమ్మకాలకి వర్తించే యూనిఫాం కమర్షియల్ కోడ్ 2-313 సెక్షన్ కింద ఆ వర్ణనే ఎక్స్‌ప్రెస్ వారంటీ (నేరుగా ఇచ్చిన హామీ) అవుతుంది, గ్యారంటీ అనే మాట వాడక్కర్లేదు. యాజ్ ఈజ్ అనేది చిరుగులకీ మరకలకీ పనికొస్తుంది గానీ, పైన నవాహో అని రాసి కింద చిన్నక్షరాల్లో మాకు సంబంధం లేదంటే అదే కోడ్‌లోని 2-316 అంత తేలిగ్గా ఒప్పుకోదు.

కానీ మీ ఇన్వాయిస్‌లో 'లాట్ 214, టెక్స్‌టైల్' అని మాత్రమే ఉంది. స్క్రీన్‌షాట్‌లో తేదీ లేదు. బిడ్ గెలిచినప్పుడు వచ్చిన ఈమెయిల్ వెతకండి, అందులో హెడ్డింగ్ ఉండొచ్చు, బిడ్డింగ్ సైట్‌లో పాత లాట్ పేజీ ఇంకా ఉంటే ఈరోజే సేవ్ చేసుకోండి. ఐదు వేల డాలర్లు పోసి కండిషన్స్ ఆఫ్ సేల్ (అమ్మకపు షరతులు) చదవనేలేదు అని రాశారు, ఇంతకంటే ఏమనాలి. గడువు డెలివరీ రోజు నుంచి నాలుగేళ్లు, మీకు తెలిసిన రోజు నుంచి కాదు, అంటే ఇంకా నాలుగు నెలలే. ఒప్పందంలో దాన్ని ఏడాదికి తగ్గించుకోవడానికి కూడా 2-725 వీలిస్తుంది. ఆ షరతుల్లో అలా రాసి ఉంటే వారంటీ దారి మూసుకుపోయినట్టే, అప్పుడు మోసం అని నిరూపించాలి, అది చాలా కష్టం. ఇంకోటి, లోపం తెలిశాక సరైన టైంలో అమ్మినవాళ్లకి నోటీసు ఇవ్వకపోతే 2-607 కింద ఏ పరిహారమూ రాదు. మీరు మూడు నెలలుగా ఫోన్లో పోట్లాడుతున్నారు, ఒక్క లైను రాతపూర్వకంగా లేదు.

మీ ఫ్రెండ్ మాట సాక్ష్యం కాదు. టెక్స్‌టైల్స్ తెలిసిన అప్రైజర్ (వస్తువు అసలుదనం, విలువ తేల్చే నిపుణుడు) చేత, మీకు అమ్మినవాళ్లతో సంబంధం లేనివాళ్ల చేత, రాతపూర్వక రిపోర్ట్ తీసుకోండి. పోచంపల్లి చీరలో పడుగూ పేకా చూసి కొనే మనవాళ్లు రగ్గు దగ్గరికొచ్చేసరికి బొమ్మ చూసి కొంటారు. నవాహో మగ్గం మీద పడుగు ఒకటే దారంగా పైకీ కిందకీ చుట్టుకుంటూ పోతుంది, అందుకే పైనా కిందా తెగిన కొసలు ఉండవు, అంచుల వెంట పురి తాళ్లు, మూలల్లో చిన్న కుచ్చులు ఉంటాయి. జపోటెక్ పనిలో పడుగు కొసలు తెగి ఉంటాయి, కుచ్చుగా ముడేస్తారు లేదా సూదితో లోపలికి దోపేస్తారు, పక్క అంచుల్లో పడుగు జోడించి వేయడం వల్ల గట్టు లాగా తగులుతుంది. మీరు పంపిన మూడో ఫొటోలో ఆ దోపిన కొసలే కనిపిస్తున్నట్టున్నాయి. పడుగు కాటన్ అని మాత్రం వాదించకండి, జర్మన్‌టౌన్ అనే మిల్లు నూలుతో నేసిన పాత నవాహో రగ్గుల్లోనూ కాటన్ పడుగు ఉంది, అవతలి లాయర్ ఆడుకుంటాడు. రగ్గుని ఉతికించొద్దు, బాగు చేయించొద్దు, ఆ కొసలే మీ సాక్ష్యం.

ఈబే ఆలోచన మానండి. ఇప్పుడు మీకు తెలిసిపోయింది. తెలిసీ నవాహో అని పెట్టి అమ్మితే 1990 నాటి ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ యాక్ట్ (ఇక్కడ ఇండియన్ అంటే అమెరికా ఆదివాసులు) మీ మీదకే వస్తుంది, వెయ్యి డాలర్లు, ఆపైన సరుకైతే మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. అదే చట్టం కింద కొనుగోలుదారుగా మీరు దావా వేయలేరు, అది ట్రైబ్స్‌కీ కళాకారులకీ ఇచ్చిన హక్కు. ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ బోర్డుకి కంప్లయింట్ మాత్రం ఇవ్వండి, అమ్మినవాళ్లు బేరానికి దిగడానికి అది చాలాసార్లు పనిచేస్తుంది.

ఈ వారమే సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు పంపండి: వర్ణన తప్పు, సరుకు తీసుకున్నప్పటి అంగీకారం రద్దు చేసుకుంటున్నాను, ప్రీమియంతో సహా డబ్బిచ్చి రగ్గు తీసుకెళ్లండి అని. మాట్లాడుకుందాం అంటూ సాగదీస్తే గడువు ఆగినట్టు రాసి సంతకం పెట్టమనండి, పెట్టకపోతే ఆగకుండా దావా వేసేయండి. కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలనే ఆర్బిట్రేషన్ షరతు లేకపోతే పదివేల లోపు క్లెయిమ్ కాబట్టి న్యూ మెక్సికో మేజిస్ట్రేట్ కోర్టులో, ఆల్బుకర్కీ అయితే మెట్రోపాలిటన్ కోర్టులో, లాయర్ లేకుండా కూడా వేసుకోవచ్చు. ఎవరి మీద అంటారా, క్రౌన్‌పాయింట్‌లో నేసినావిడే రగ్గు తెచ్చి ఇస్తుంది, ఇక్కడ ఎవరో కన్‌సైనర్ (అమ్మిపెట్టమని సరుకు ఇచ్చిన యజమాని) తెచ్చిచ్చాడు, ఆయన పేరు మీకు చెప్పలేదు. పేరు చెప్పకుండా అమ్మిన ఏజెంట్ తనే జవాబుదారీ, కాబట్టి ఆక్షన్ హౌస్‌నే ప్రతివాదిగా పెట్టండి.