తొలి సెమిస్టర్‌లోనే ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి పీహెచ్‌డీ అయ్యాక యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరింది. రెండు సబ్జెక్టులు ఇచ్చారు. పాఠాల ప్లాన్, అసైన్‌మెంట్లు, పరీక్షల తేదీలు, ప్రశ్నపత్రాలు అన్నీ తనే చూసుకోవాలట. రాత్రి రెండింటిదాకా మేలుకుంటోంది. రోజూ ఫోన్ చేసి మానేయమంటున్నాను. ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఎడ్‌టెక్ కంపెనీ అయితే హాయిగా ఉంటుందని బంధువులు చెబుతున్నారు. ఏది మంచిది?

జవాబు: అమ్మా, మీరు అడిగింది ఏ ఉద్యోగం మంచిదని. ఇన్నేళ్లు చదివి పిల్ల ఓడిపోతుందేమోనన్నది మీ అసలు దిగులు. ఇలాంటి ఉత్తరాలు నాకు ప్రతి సెమిస్టర్‌లోనూ వస్తాయి. పీహెచ్‌డీలో పరిశోధన నేర్పుతారు కానీ, ఒక కోర్సును తేదీలవారీగా పేర్చుకోవడం చాలాచోట్ల ఎవరూ నేర్పరు. మొదటిసారి తడబడటం చేతకానితనం కాదు.

చాలామంది కొత్తవాళ్లలాగే తనూ మొదటి యూనిట్ దగ్గర మొదలుపెట్టి, ఏ వారం పాఠం ఆ వారమే తయారుచేసుకుంటూ ఉండుంటుంది. దాన్ని తిరగేయమనండి. మార్కులు అప్‌లోడ్ చేయాల్సిన ఆఖరి తేదీని ముందు క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకుని, అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టాలి. 60 మంది పేపర్లు, ఒక్కోటి దిద్దడానికి 20 నిమిషాలు అనుకుంటే 20 గంటలు. రోజుకు 3 గంటలు దాటితే కళ్లు అలసిపోయి, మొదటి పేపరుకు ఒక కొలత, చివరి పేపరుకు ఒక కొలత అవుతుంది. అంటే ఒక్క సబ్జెక్టుకే వారం. రెండు పరీక్షలూ ఒకే వారంలో పెట్టుకుంటే ఎవరికైనా నిద్ర ఉండదు.

ప్రశ్నపత్రం చిత్తుప్రతి కూడా క్లాసులు మొదలవకముందే ఉండాలి. కోర్సు అయ్యేసరికి విద్యార్థి ఏం చేయగలగాలో నాలుగైదు వాక్యాల్లో రాసి, ఒక్కోదాని పక్కన మార్కులు వేసుకోవాలి. మూడు వారాలు చెప్పిన పాఠానికి 5 మార్కులు, గంటలో చెప్పేసిన నిర్వచనానికి 10 వచ్చాయంటే తప్పు అక్కడే కనబడుతుంది. మూడో, నాలుగో వారంలో తక్కువ మార్కులకు ఒక చిన్న పరీక్ష పెడితే, పిల్లలకు ఏది ఎక్కలేదో ముందే తెలుస్తుంది. అసైన్‌మెంట్లు కుప్పలుగా ఇవ్వొద్దని కూడా చెప్పండి. ఐరోపా క్రెడిట్ పద్ధతిలో 1 క్రెడిట్ అంటే క్లాసు, చదువు, పరీక్ష అన్నీ కలిపి విద్యార్థికి 25 నుంచి 30 గంటల పని. ఎక్కడ చెప్పినా అలాంటి లెక్క ఒకటి పెట్టుకోవాలి. తను ఇచ్చిన ప్రతి అసైన్‌మెంటూ తిరిగి తన బల్ల మీదికే కదా వచ్చేది.

ఇక ఎడ్‌టెక్ సంగతి. దాని మీద నాకు అనుమానాలున్నాయి. కరోనా రోజుల్లో ఉబ్బిపోయిన ఆ రంగం తర్వాత ఎంతోమందిని ఇంటికి పంపింది. అక్కడా ఇదే పని: ఏ పాఠం తర్వాత ఏ టెస్టు, ఎన్ని ప్రశ్నలు, ఏ తేదీకి. కాకపోతే క్యాలెండర్ ఇంకొకరి చేతిలో ఉంటుంది. చాలా ఉద్యోగాల్లో పాఠం విన్నవాళ్ల ముఖం కూడా కనబడదు. ఆ పని మీద ఇష్టంతో వెళ్లేవాళ్లు బాగానే రాణిస్తారు. దీన్నుంచి పారిపోయి వెళ్తే మాత్రం ఇదే టెన్షన్ అక్కడా ఎదురొస్తుంది.

మీకు కోపమొచ్చినా ఒక మాట చెప్పాలి. డాక్టరేట్ తెచ్చుకున్న మనిషికి రోజూ రాత్రి ఫోన్ చేసి మానేయమనడం సాయం కాదమ్మా. అసలే తన మీద తనకు సందేహంగా ఉన్నప్పుడు, కన్నతల్లి కూడా అదే మాటంటే ఎవరికి చెప్పుకుంటుంది? బంధువుల సలహాలు మీ దగ్గరే ఆపేయండి. ఇదే సబ్జెక్టు రెండోసారి చెప్పేటప్పుడు నోట్సు, ప్రశ్నలు, తేదీల పట్టిక అన్నీ చేతిలో ఉంటాయి. అందుకే కనీసం రెండు సెమిస్టర్లు ఆగమంటున్నాను.

ఈసారి ఫోన్ చేసినప్పుడు నిద్ర గురించి కాకుండా, ఈరోజు క్లాసు ఎలా జరిగిందని అడగండి. ఎవరో అడిగిన డౌటు గురించి గలగలా చెప్పుకుపోతే ఇక ఈ ప్రశ్న అక్కర్లేదు. పాఠం చెప్పడమే భారంగా ఉందంటే తననే నాకు రాయమనండి, అప్పుడు వేరే దారులు చూద్దాం.