ఆ బరువు సైకిలు సంగతి

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. ఉన్న సైకిలుకే పదివేలు పెట్టి అల్లాయ్ చక్రాలు, కొత్త గేర్లు వేయించాలా, తేలికది కొనాలా అని కదా నీ తర్జనభర్జన. ఆ పదివేలు మాత్రం దాని మీద పోయకు.

ముందు తూచి చూడు. ఇంట్లో బరువు చూసుకునే మిషను మీద సైకిలు ఎత్తుకుని ఒకసారి, ఉత్తినే ఒకసారి నిలబడు. తేడా 19 కిలోల దాకా ఉంటుందని నా అంచనా. ముందూ మధ్యలోనూ స్ప్రింగులున్న ఇనప బండి మరి! బరువంతా ఫ్రేములోనూ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులోనూ ఉంటే, చక్రాలు మారిస్తే ఏం తగ్గుతుంది? వెనకటికి నేనూ ఇదే పని చేశాను. ఈ నెల జీతంలో రిమ్ములు, వచ్చే నెల హ్యాండిలు, ఆపై నెల పెడళ్లు బిగించే క్రాంకు. అంతా అయ్యాక తూస్తే తగ్గింది కిలోన్నర. ఆ డబ్బుకి కొత్తదే వచ్చేదని మీ పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

అలాగని తేలిక సైకిలు ఎక్కగానే గాల్లో తేలిపోతావనీ అనుకోకు. నువ్వు 70 కిలోలు, సైకిలు 19, మొత్తం 89. 13 కిలోల హైబ్రిడ్, అదే రోడ్డు మీద తొక్కే తేలిక రకం, కొంటే 83. మన వైజాగులో హనుమంతవాక దాటాక జూ దగ్గర ఎత్తు ఎక్కడానికి 15 నిమిషాలు పడుతుంటే 14 పడుతుంది, అంతే. బీచ్ రోడ్డు లాంటి చదును మీద ఆ తేడా కూడా తెలియదు. అక్కడ నిన్ను వెనక్కి లాగేది ఎదురుగాలీ, టైర్లూ.

నీ టైర్లకు బొడిపెలున్నాయి చూడు, తారు రోడ్డు మీద 'గుయ్' మంటాయి. ఆ చప్పుడంతా నీ కష్టమే. వాటి బదులు నున్నటివి వేయించు. కొనేముందు టైరు పక్కన అచ్చేసిన అంకెలు చదువు. 26 అని ఉంటే చాలదు. మన పాతకాలం 26×1⅜ టైరు 590 మిల్లీమీటర్ల రిమ్ముది, నీది 559. నేను ఒకసారి చూసుకోకుండా తెచ్చి, సాయంత్రం దాకా టైరు ఎక్కించే ఇనప పట్టీలతో కుస్తీ పట్టాను. గాలి ఎంత కొట్టాలో కూడా అక్కడే రాసి ఉంటుంది. చేత్తో నొక్కి 'సరిపోయింది' అనడం మానెయ్.

సీటు కూడా పైకి లేపు. పెడలు బాగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు చాపినట్టు ఉండాలి. మొన్న నిన్ను చూశాను, మోకాళ్లు గడ్డానికి తగిలేలా తొక్కుతున్నావు. చక్రాల మధ్యలో ఉండే హబ్బులు విప్పించి ఓవర్‌హాలింగ్ చేయించు. ఇక్కడి ఉప్పుగాలికి బేరింగుల్లో గ్రీజు ఎప్పుడో మట్టి అయిపోయి ఉంటుంది.

ఇవన్నీ కలిపి రెండు మూడు వేలకు మించవు. రెండు నెలలు అలా తొక్కు. అప్పటికీ రోజూ ఆఫీసుకి దాని మీదే వెళ్తుంటే తేలికది కొందాం. అల్లాయ్ ఫ్రేము, స్ప్రింగుల్లేని ఫోర్కు, ఎత్తు ఎక్కడానికి సులువుగా వెనక పెద్ద పళ్లచక్రానికి 32 పళ్లకు తగ్గకుండా, క్యారియర్ బిగించడానికి మరలు పట్టే చోటు. షాపులో మాటలు నమ్మకుండా కొక్కెం తక్కెడకు వేలాడదీయమను.

ఆదివారం పొద్దున్నే పాతది తీసుకురా. నా దగ్గర మీటరున్న పంపు ఉంది. కొత్తది కొనే మాట మీ నాన్న దగ్గర ఇప్పుడే ఎత్తకు.

మీ పెదనాన్న