మన ధనుర్మాసంలాగా సిక్కులకి కూడా చలికాలంలో భక్తికి ప్రత్యేకమైన నెల ఉంటుందా?

ఉంది, మళ్లీ లేదు కూడా. తిట్టుకోకండి, చెప్తా.

మొహాలీలో మూడేళ్లు ఉద్యోగం చేశా, ఒక సిక్కుల ఇంట్లో పైవాటాలో అద్దెకుండేవాణ్ణి. ఇంటి పెద్దావిడని అందరూ బీజీ అనేవాళ్లు, నేనూ అదే పిలుపు. ఇక్కడ మనకి నెలగంట పెట్టే రోజులకి కాస్త అటూ ఇటూగా వాళ్లకి పోహ్ నెల మొదలవుతుంది, మళ్లీ సంక్రాంతికి అయిపోతుంది, అంటే లెక్కకి మన ధనుర్మాసమే. నెల మొదటి రోజున గురుద్వారాలో బారహ్ మాహా చదువుతారు. పన్నెండు నెలల మీద గురు నానక్ ఒకటి, గురు అర్జన్ ఒకటి రాశారు, ఎక్కువగా వినపడేది అర్జన్ గారిది. అందులో పోహ్ దగ్గర, స్వామి కౌగిట్లో ఉన్నవాళ్లని మంచు ఏమీ చెయ్యదు అంటాడాయన. అంతా అయ్యాక చివర్లో మాత్రం, ఆ స్వామి చల్లగా చూస్తే అన్ని నెలలూ మంచివే, అన్ని ఘడియలూ మంచివే అని తేల్చేస్తాడు. మరి ప్రత్యేకమైన నెల ఎక్కడుంది? మాఘం సంగతీ అంతే, స్నానం చెయ్యాలంటే సాధువుల పాదధూళిలో చెయ్యమంటాడు. ఇది మా బావకి చెప్తే వినడు, ఏటా మాఘస్నానం అని మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఫోటో పెడతాడు, తల మాత్రం తడవదు.

సరే అసలు విషయం. డిసెంబర్ ఇరవై దాటాక ఒక రాత్రి గీజర్ పనిచెయ్యట్లేదని చెప్పడానికి కిందికి వెళ్తే, బీజీ మంచం ఖాళీగా ఉంది, ఆవిడ నేల మీద పల్చటి దుప్పటి వేసుకుని పడుకుని ఉంది, డెబ్భై మూడేళ్ల మనిషి! నా రజాయి, అదే దూది బొంత, తెచ్చిస్తానంటే, మాతా గుజ్రీకి ఎవరిచ్చారు బేటా రజాయి అంది. గురు గోవింద్ సింగ్ గారి తల్లి ఆవిడ. ఆయన చిన్న కొడుకులు, తొమ్మిదేళ్లవాడు ఒకడు ఆరేళ్లవాడు ఒకడు, ఆ ఇద్దరినీ ఆవిడతో పాటు మొఘలులు సర్హింద్‌లో ఠండా బురుజులో బంధించారు. ఎండాకాలం చల్లగా ఉండాలని కట్టిన బురుజు అది, పోహ్‌లో ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. చివరికి పిల్లలిద్దరినీ చంపేశారు, ఆవిడా అక్కడే పోయింది. అందుకే ఏటా ఆ రోజుల్లో అక్కడ చాలా ఇళ్లలో నేల మీదే పడుకుంటారు, పెళ్లిళ్లు పెట్టుకోరు. 2022 నుంచి ఆ పిల్లల పేరున డిసెంబర్ 26ని వీర్ బాల్ దివస్ అంటున్నారు కదా, మన వాట్సాప్ గ్రూపుల్లో ఆ ఒక్కరోజు ఫార్వర్డులు కుమ్మేస్తారు, పిల్లల పేర్లు అడిగితే ఒక్కడూ చెప్పడు. జొరావర్ సింగ్, ఫతే సింగ్.

మర్నాడు నన్నూ తీసుకెళ్లారు ఫతేగఢ్ సాహిబ్‌కి, ఆ పిల్లల్ని చంపిన చోట ఉన్న గురుద్వారా అది. ట్రాక్టర్ ట్రాలీలో గడ్డి పరిచి దాని మీద అందరం, తెల్లారుజామున నాలుగింటికి, ముందు బండి లైటు కూడా కనపడనంత పొగమంచు. గుమ్మం దగ్గర కాళ్లు తడవాలని చిన్న తొట్టెలా కట్టి నీళ్లు వదులుతారు, మేజోళ్లు విప్పి అందులో అడుగు పెట్టగానే నాకు భక్తి కాదు, అమ్మ గుర్తొచ్చింది. అవతల పాలరాయి అంతకన్నా ఘోరం. మంచు తగలదన్న మాట అబద్ధం అని నేను అక్కడే తీర్మానించేశా.

బయటికి వస్తుంటే పెద్ద కడాయిలో పాలు కాస్తున్నారు, పదేళ్ల పిల్లాడొకడు గ్లాసుల్లో పోసి ఇస్తున్నాడు, వేళ్లన్నీ చలికి పగిలి ఉన్నాయి వాడికి. మోతీ రామ్ మెహ్రా అనే ఆయన బురుజులో ఉన్న ఆ ముగ్గురికీ దొంగచాటుగా పాలు తీసుకెళ్లి ఇచ్చాడట, అందుకు ఆయన్నీ ఇంట్లోవాళ్లనీ గానుగలో వేసి చంపారని చెప్తారు. నేను గ్లాసు తాగకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడితే ఆ పిల్లాడు, అంకుల్ ఇది తాగడానికి అన్నాడు. నాకప్పటికి ఇరవై ఆరు, అంకులేంట్రా అనుకున్నా గానీ తాగేశా. ఇంకోటి పోశాడు, అడక్కుండానే.

నన్నడిగితే వాళ్ల చలికాలపు భక్తి మొత్తం ఆ కడాయి దగ్గరే ఉంది, స్నానాల్లో లేదు. మీరు ఒప్పుకోకపోతే మీ ఇష్టం.

బీజీ తిరుగు ప్రయాణంలో నా భుజం మీద తలపెట్టి ఇంటిదాకా గురక. ఆ రోజులు అయిపోయిన రాత్రి మంచమెక్కేసి, నన్ను పిలిచి రెండు రజాయిలు కప్పించుకుని, గీజర్ బాగుచేయించారా అని నన్నే అడిగింది.