కడిగిన ప్లేటు

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. వయసు 27. పోయిన సెప్టెంబరులో ఆఫ్రికాలోని మలావీ వచ్చాను, ఎనిమిది నెలలైంది. జోంబా దగ్గర పల్లెలో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్పే వాలంటీరుని. రెండేళ్లు ఉండాలి. బడి బాగానే ఉంది, ఇల్లే నడవడం లేదు. కరెంటుని నమ్మలేం, బొగ్గుల కుంపటి మీద వండుకోవాలి. పప్పు రెండు గంటలైనా ఉడకదు, లేకపోతే అడుగంటుతుంది. మేం శాకాహారులం. అమ్మ రోజూ మన టైము ఎనిమిదిన్నరకి వీడియో కాల్ చేసి ఏం వండావంటుంది. బిస్కెట్లు తిని పప్పన్నం అని చెప్తున్నాను. కందిపప్పు పార్సిల్ చేస్తానంటోంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. పక్క క్వార్టర్స్ టీచరమ్మ వారానికి రెండు మూడుసార్లు కూతురి చేత ప్లేటు పంపుతుంది. మొక్కజొన్న ముద్ద, ఏదో కూర. కూరలో ఒక్కోసారి ఎండుచేపలు. ఎవరింట్లోనూ తినొద్దని అమ్మ మాట. అందుకని వాచ్‌మన్ కుక్కకి పెట్టేసి, ప్లేటు కడిగి ఇచ్చేస్తున్నాను. వంటకి మనిషిని పెట్టుకుంటే తప్పా? లేక వచ్చేయడమే మంచిదా?

జవాబు: రావాలనిపిస్తే వచ్చెయ్యమ్మా, ఎవరూ ఉరి తీయరు. మనిషిని పెట్టుకోవడమూ తప్పు కాదు. జీతం అక్కడివాళ్లు ఇచ్చేదానికి తగ్గకుండా, ఆలస్యం చేయకుండా ఇస్తే చాలు. నువ్వడిగిన రెండింటికీ నా దగ్గరున్న జవాబు ఇంతే.

పప్పు గురించి అంత రాసి, ప్లేటు సంగతి మధ్యలో నాలుగు మాటల్లో తేల్చేశావు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ నాలుగు మాటలే.

సెప్టెంబరులో వెళ్లావంటే డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడే ఉన్నావు. మలావీలో వానాధారపు మొక్కజొన్న ఏడాదికి ఒక్క పంట. నవంబరు, డిసెంబరు వానలకి విత్తితే ఏప్రిల్ ప్రాంతంలో ఇంటికొస్తుంది. పాత గింజలు గాదెలో అయిపోయి, కొత్తవి ఇంకా కంకి మీదే ఉండే నెలలు ఆకలి నెలలు. పిండి ధర మండేదీ అప్పుడే. నెలజీతం ఉన్న ఇళ్లలో కూడా పిండి కొలిచి కలుపుతారు. ఆ రోజుల్లో ఆవిడ తన పిల్లల వంతులోంచి తీసి పంపిన ముద్ద నువ్వు కుక్కకి పెట్టావు. పైగా రహస్యంగా పెట్టాననుకుంటున్నావు! క్వార్టర్స్‌లో కుక్క ఏం తింటోందో పిల్లలందరికీ తెలుస్తుంది. తెలిసీ ఆవిడ పంపుతూనే ఉందంటే, ఆవిడ మర్యాద ముందు నీ మర్యాద ఎంతో నువ్వే చూసుకో.

ఎవరింట్లోనూ తినొద్దన్న మీ అమ్మగారు, పక్కింటి గిన్నె ఎన్నడైనా ఖాళీగా తిరిగి పంపారా? ఇంట్లో ఏమీ లేని రోజున చారెడు చక్కెరో, రెండు నిమ్మకాయలో వేసి పంపే ఇల్లే కదా మీది. ఎనిమిది నెలలు ఖాళీ ప్లేటిచ్చానని అమ్మకి చెప్పి చూడు. ముందు తిట్టేది ఆవిడే. ఊరు దాటించేటప్పుడు తల్లి చెప్పే జాగ్రత్త వేరు, పొరుగింటితో నడుచుకునే పద్ధతి వేరు. నువ్వు జాగ్రత్త ఒక్కటే పెట్టెలో పెట్టుకుని వెళ్లావు.

చేప తినకపోవడం నేరం కాదు. చెప్పకపోవడమే నీ తప్పు. అక్కడి భాషలో "సిందిద్యా న్యామా, సిందిద్యా న్సోంబా" అను. మాంసం తినను, చేపలు తినను అని. రెండూ విడివిడిగా చెప్పాలి. న్యామా అంటే మాంసమే, చేప అందులోకి రాదు. ఉసిపా అనే ఆ చిన్న ఎండుచేపల్ని కూరకి రుచి కోసం వేసేస్తారు, మనం ఇంగువ వేసినట్టు. కడుపు నిండితే "న్దఖూతా" లాంటి మాట ఒకటి ఉంది, ఆ పాపనే పలకమని అడిగి నేర్చుకో. ఆవిడ ఇంట్లో చేప లేని కూరలకి కొదవేం లేదు. గుమ్మడాకు, ఆవాకు, చిక్కుడు గింజలు ఉంటాయి. వేరుశనగ పొడి దట్టించి ఉడికించిన ఆకుకూరైతే అనంతపురం పిల్లవి నీకు కొత్తగా అనిపించదు.

ఇక ఆ ముద్ద. సంగటి తిని పెరిగిన దానివి, న్సిమాకి ముఖం చిట్లించడం ఏమిటి? గోరువెచ్చటి నీళ్లలో కాస్త పిండి కలిపి జావ చేస్తారు. అది కుతకుతమని చిమ్ముతుంటే మూతపెట్టి కొన్ని నిమిషాలు ఉడకనిచ్చి, అప్పుడు మిగతా పిండి గుప్పెడు గుప్పెడు పోస్తూ చెక్క తెడ్డుతో కెలుకుతారు. మరిగే నీళ్లలో పిండంతా ఒక్కసారి కుమ్మరిస్తే ఉండలు కడుతుంది. జావ సరిగా ఉడక్కపోతే పచ్చివాసన వస్తుంది. పిండి వేరు, మీ సంగటిలో నూకలుంటాయి, ఇందులో ఉండవు, అంతే తేడా. కుడిచేత్తో ముద్ద తుంచి కూరలో అద్దుకుని తినడం మీకూ వాళ్లకీ ఒకటే.

ఈసారి ప్లేటు వచ్చిన మర్నాడు దాంట్లో ఊరిబిండి, అదే మీ వేరుశనగ రోటిపచ్చడి, పెట్టి తిరిగివ్వు. గ్లాసు వేరుశనగ గింజలు సన్నసెగ మీద వేయించి పొట్టు తియ్యి. ముడుచుకుపోయినవీ, రంగు మారినవీ, బూజు వాసన వచ్చేవీ ఏరి పారెయ్యాలి. వానాకాలంలో తేమ తగిలిన గింజల్లో విషం పుడుతుంది, వేయించినా పూర్తిగా పోదు. మిరపకాయ విషయంలో మీ ఊరి లెక్క పనికిరాదు. అక్కడ కంబుజి అనే గుండ్రటి బుల్లి మిరపకాయ అర ముక్క చాలు. రెండు వేస్తే ఆ ఇంట్లో పిల్లలు ఏడుస్తారు. చిన్న నిమ్మకాయంత చింతపండు (సంతలో బ్వెంబా అని అడుగు), చిన్న ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రేకలు, ఉప్పు. రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. నీ దగ్గర రోలు లేదు కదా, ఆవిడ దగ్గర ఉంటుంది. గింజలు పట్టుకుని ఆ గడపకే వెళ్లు. ఎనిమిది నెలల్లో నువ్వు ఒక్కసారీ ఆ గుమ్మం ఎక్కినట్టు నీ ఉత్తరంలో లేదు. ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇవ్వు, అక్కడా అదే మర్యాద.

పప్పు సంగతి కూడా చెప్తాను, లేకపోతే మళ్లీ ఉత్తరం రాస్తావు.

ముందు అమ్మని పార్సిల్ మానమను. 2021లో మన ప్రభుత్వం అయిదేళ్లపాటు ఏటా 50 వేల టన్నుల కందులు మలావీ నుంచి తెప్పించుకునేలా ఒప్పందం చేసుకుంది. కందులు పండే దేశానికి కందిపప్పు పోస్టులో పంపడమంటే తిరుపతి కొండకి లడ్డూలు మోసినట్టే. నువ్వుండే దక్షిణ ప్రాంతంలో నందోలో అని అడిగితే సంతలో పొట్టు కందులు కొలిచి పోస్తారు.

గ్లాసు కందులు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, నాలుగు గ్లాసుల కొత్త నీళ్లు పొయ్యి. ఉడకకపోవడానికి నువ్వు చేస్తున్న పని ఒకటుంటుంది, అది చూసుకో. కుక్కర్ అలవాటు కొద్దీ చింతపండు, టమాటా మొదట్లోనే పడేసి ఉంటావు. పులుపు తగిలిన గింజ మెత్తబడదు. కుక్కర్ ఆవిరి ఆ తప్పుని కప్పేస్తుంది, మామూలు గిన్నె కప్పదు. గింజ వేళ్ల మధ్య నలిగాకే పులుపు వెయ్యి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే చిటికెడు వంటసోడా పడాలి, మించితే సబ్బు రుచి. నువ్వున్న చోటు సుమారు 1,000 మీటర్ల ఎత్తు అనుకుంటే నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, ఆ మేరకు ఆలస్యం సహజం. బొగ్గు మిగలాలంటే అరగంట మూతపెట్టి తెర్లనిచ్చి, గిన్నెని మూతతో సహా మందపాటి దుప్పటిలో చుట్టి రెండు గంటలు వదిలెయ్. మళ్లీ కుంపటెక్కించి పావుగంట ఉడికిస్తే మెదుగుతుంది. వాన పడుతున్నా సరే, తలుపులు మూసిన గదిలో మాత్రం కుంపటి పెట్టకు. రాజుకున్న బొగ్గు నుంచి వచ్చే విషవాయువుకి పొగా ఉండదు, వాసనా ఉండదు. వరండాలోనే వండు.

అడుగంటడానికి కారణం కుంపటి కాదు, ఫోను. మన ఎనిమిదిన్నర అంటే అక్కడ సాయంత్రం అయిదు. బడి నుంచొచ్చి బొగ్గులు రాజేసి గిన్నె పెట్టగానే అమ్మ ఫోను. గ్యాస్ అయితే తగ్గిస్తావు, బొగ్గుకి మీట ఉండదు కదా. పటకారుతో నాలుగు నిప్పులు పక్కకి లాగాలి. ఫోను పట్టుకున్న చేత్తో అది కాదు. ఇక్కడ పదింటికి చెయ్యమను, నీకు ఆరున్నర అవుతుంది, అప్పటికి నీ గిన్నె దుప్పటిలో ఉంటుంది, చెయ్యి ఖాళీగా ఉంటుంది. రోజూ ఫోను ఎందుకంటే, అది మీ ఇద్దరి ఇష్టం. బిస్కెట్లు తిని పప్పన్నం అనడం మాత్రం ఇవాళ్టితో ఆపు. తినబోయేది కెమెరాకి చూపించు. అందులో న్సిమా ఉంటే ఇది మొక్కజొన్న సంగటి, పక్కింటావిడ పంపింది అని చెప్పు. అమ్మ ఓ రోజు అలుగుతుంది, మర్నాడు ఆవిడకి ఏం తిరిగిచ్చావని అడుగుతుంది.

ఎనిమిది నెలలుగా ఎండనకా వాననకా ప్లేటు పట్టుకొస్తున్న ఆ పాప పేరు నువ్వు రాయలేదు. మళ్లీ రాసేటప్పుడు అది కూడా రాయి.